ఎరకు ఉట్టి కట్టరాదా?

ఆదివారం పూట సముద్రపుగట్టుకు వెళ్ళి గాలం వేసే మగవాళ్ళున్న ఇళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తుంది. ఖాళీ సంచీతో తిరిగొచ్చి, "చేపలు లేకేం! ఎర నీళ్ళలో పడితే చాలు, పీతలు కాజేస్తున్నాయి. దొరికినవాటిని దొరికినట్టు రాతికేసి కొట్టి పారేశాను" అంటారు. మొదటి మాటకు "అయ్యో పాపం" అందాం, కాదనను. ఆ రెండో మాటకు మాత్రం మనం తల ఊపకూడదంటాను.

పాలు పిల్లి తాగిందనుకోండి. తప్పెవరిది? మూత పెట్టని మనది. అలా అనేదీ ఈ మగవాళ్ళే! మన అమ్మమ్మలు పిల్లుల్ని చంపుకుంటూ కూర్చోలేదు. దూలానికి ఉట్టి కట్టి, పాలకుండ అందులో పెట్టి, తమ పని తాము చూసుకున్నారు. వంటింట్లో మనకు వర్తించే న్యాయం గట్టుమీద వీళ్ళకు వర్తించదా?

అసలు పీత చేసిన నేరమేమిటి? కళ్ళ దగ్గరుండే చిన్న మీసాలతో నీళ్ళలో వాసన పసిగట్టి, అడుగున పడివున్న తిండిని వెతుక్కుంటూ వస్తుంది. చచ్చిన చేపైనా సరే, నత్త అయినా సరే, శుభ్రంగా తినేస్తుంది. విశాఖపట్నం ఇసుకలో బొరియలు తవ్వుకుని, మనిషి అలికిడైతే అడ్డంగా పరుగుతీసే పీతలదీ అదే వృత్తి. కెరటాలు ఒడ్డుకు తోసినవాటిని జీతం బత్తెం లేకుండా ఎత్తిపోసే పనివాళ్ళవి. సీసపుగుండు కట్టి, ఒలిచిన రొయ్యను సరిగ్గా వాటి గుమ్మం ముందు వడ్డించి, "ఎందుకు తిన్నావ్?" అని గద్దించటం ఏం పెద్దమనిషితనమండీ?

పోనీ, ఉట్టి కట్టటం కష్టమా అంటే, పూలదండ కట్టినంత కూడా కాదు. గాలపుముల్లుకు దగ్గరగా, దారానికి చిన్న బెండుముక్క గుచ్చితే చాలు. గుండు అడుగున కూర్చుంటుంది, ఎర నేలకు జానెడో మూరెడో పైన తేలుతుంది. వెనక కాళ్ళు తెడ్లలా ఉండి ఈదగల పీతలూ ఉన్నాయి, నిజమే. అవైనా తిండి ఎక్కువగా అడుగునే వెతుక్కుంటాయి.

"జెల్లలాంటి చేపలు అడుగునే మేస్తాయి కదా, వాటి మాటేమిటి?" అంటారు తెలిసినవాళ్ళు. దానికీ ఉపాయముంది. ఇట్టే చిరిగిపోయే రొయ్య మాని, గట్టిగా సాగే స్క్విడ్ ముక్క గుచ్చాలి. కాకరకాయకు కారం కూరి దారం చుట్టినట్టు, దానిమీద సన్నటి ఎలాస్టిక్ దారం నాలుగు చుట్లు చుట్టాలి. అయిదు పది నిమిషాలకోసారి లాగి చూసుకోవాలి. ఒకేచోట మళ్ళీ మళ్ళీ ఎర పోతుంటే అది పీతల పేట అని గ్రహించి, కాస్త అవతలకు విసరాలి. పొయ్యిమీద పాలు పెట్టి పక్కింటి కబుర్లకు పోయిన ఆడదాన్ని లోకం ఎన్ని మాటలంటుంది! గాలం నీళ్ళలో పడేసి గంటసేపు పేకాటలో మునిగిన మహానుభావుడు మాత్రం పీతను దొంగ అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అనటమంటే ఇదే.

"చంపితే మిగతావి భయపడతాయి" అనేవాళ్ళూ ఉన్నారు. గట్టుమీద జరిగిన హత్య గురించి నీళ్ళలో ఉన్నవాటికి కబురు ఎవరు మోస్తారో నాకు తెలియదు. "పీతను మనం కూర వండుకోవటం లేదా?" అంటారు ఇంకొందరు. వండుకుంటాం. కూరకు పట్టటం వేరు, కసితో నలిపి పారేయటం వేరు. అదే పీతను గంపలో పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మి, పిల్లల కడుపు నింపుతోంది జాలరి ఇల్లాలు. ఆడపీత పొట్టకింద వెడల్పాటి రేకుంటుంది. దానికింద అది గుడ్లు మోస్తుంది. డొప్పమీద మూడు చుక్కలుండే సముద్రపు పీత అయితే ఒక్క కాన్పుకు లక్షల్లో మోస్తుంది. రాతికేసి కొట్టే చెయ్యి తిప్పి చూసి కొడుతుందా?

ఎరను పట్టుకుని పీత వేలాడుతూ వస్తే, మళ్ళీ నీళ్ళలోకి దించి ఓ క్షణం ఆగితే చాలాసార్లు అదే వదిలేసి పోతుంది. ముల్లు గుచ్చుకుంటే వెనకవైపు నుంచి డొప్ప పట్టుకుని తియ్యాలి. ముందున్న పటకారు కాళ్ళు అంత తేలిగ్గా అందవు. రెండు నిమిషాల పని.

ఇంత చిన్న ప్రాణి కోసం ఇంత గొడవెందుకంటారా? నా గొడవ పీతతో ఆగదు. నాన్న చెయ్యి పట్టుకుని గట్టుకు వెళ్ళిన పిల్లవాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. మన అజాగ్రత్తవల్ల ఏదైనా పోతే, అందుబాటులో ఉన్న చిన్నదాన్ని పట్టుకుని కొట్టాలన్నది వాడు నేర్చుకుంటున్న పాఠం. అత్తమీది కోపం దుత్తమీద చూపించే విద్య ఇలాగే అబ్బుతుంది. ఈ రోజు పీత. రేపు ఇంట్లో పనిచేసే కుర్రది. ఎల్లుండి, కూరలో ఉప్పు తగ్గిన పూట, కట్టుకున్న పెళ్ళాం.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! వచ్చే ఆదివారం ఎరకోసం ఫ్రిజ్‌లోంచి మీ కూర రొయ్యలు తీసి ఇచ్చేటప్పుడు, ఒక బెండుముక్క, ఒక ఎలాస్టిక్ దారపుచుట్ట కూడా చేతిలో పెట్టండి. ముందు ఉట్టి కట్టమనండి. కట్టినా ఎర పోతే, అప్పుడు పిల్లిని తిట్టవచ్చు. తిట్టవచ్చు అంతే, కొట్టకూడదు.