చర్మం కింద పొదుపు ఖాతా

ఖాతాలో ఎంత నిల్వ ఉన్నా కౌంటర్లో నోటు ఉంటేనే పని జరుగుతుంది. మన ఒంట్లోనూ అంతే. తిన్న అన్నం, చక్కెర, నెయ్యి అన్నీ డిపాజిట్లు. కణం ఖర్చుపెట్టగలిగే నోటు మాత్రం ముఖ్యంగా ఒకటే, దాని పేరు ఏటీపీ. ఏ క్షణంలో చూసినా ఒంట్లో అది వంద గ్రాములకు మించి ఉండదట. అదే నోటు మళ్ళీ మళ్ళీ చెలామణి అయి, రోజు ముగిసేసరికి మొత్తం లెక్క ఇంచుమించు మన బరువంత అవుతుంది. మా బ్యాంకుల్లో ఇంత చురుకైన కరెన్సీని నేను చూడలేదు.

దీన్ని కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుగొన్నారు. సుబ్బారావుగారు 1948లో పోయారు, నోబెల్ రాలేదు. మా అబ్బాయి బయాలజీ పుస్తకంలో ఏటీపీ ఉంది గాని ఆయన పేరు లేదు. మన సంఘం పిల్లలకైనా తెలియాలని ఈసారి ఈ విషయం ఎత్తుకున్నాను.

ఇక చర్మం సంగతి. పైపొర రోజూ రాలిపోతూనే ఉంటుంది. దాన్ని పూడ్చే మూలకణాలు ఆ పొర అడుగునా, వెంట్రుకల కుదుళ్ళలోనూ ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలడానికి సుమారు నెల పడుతుంది, వయసు మీదపడితే ఇంకా ఎక్కువ. కుదుళ్ళలోని మూలకణాలైతే చాలాకాలం నిద్రపోతూ, అవసరమైనప్పుడు లేచి పనిచేసి, మళ్ళీ పడుకుంటాయి.

ఒక గ్లూకోజు అణువును ఆక్సిజన్‌తో పూర్తిగా మండిస్తే సుమారు 30 ఏటీపీలు దక్కుతాయి. ఆక్సిజన్ లేకుండా మధ్యలోనే ఆపేస్తే రెండే. బీకాం చదివిన ఎవడైనా ముప్ఫై వచ్చే స్కీములోనే చేరతాడు! కుదుళ్ళలోని మూలకణాలు మాత్రం రెండు వచ్చే దారినే ఎక్కువగా నమ్ముకుంటాయి. ఎందుకంటే పూర్తిగా మండించే చోట పొగలాంటి పదార్థాలు పుట్టి డీఎన్‌ఏను చెడగొడతాయి. జీవితాంతం పనికిరావలసిన కణానికి ఆ పొగ ఎంత తగ్గితే అంత మేలు. మా దొడ్డబళ్ళాపురంలో చీరలకు గిరాకీ లేని రోజుల్లో మరమగ్గం ఆపేస్తారు గాని తెగనమ్మరు. అదే లెక్క.

2017లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ఇది పరీక్షించారు. ఆ మూలకణాల్లో లాక్టేటు తయారుచేసే ఎంజైమును తీసేస్తే కొత్త వెంట్రుక మొలవలేదు, లాక్టేటు పెంచితే త్వరగా మొలిచింది. 2020లో జర్మనీలో కొలోన్ నుంచి మరో సంగతి వచ్చింది. పనికి వెళ్ళిన కణం తిరిగి మూలకణంగా మారాలంటే గ్లుటమిన్ వాడకం తగ్గించుకుని ఈ పొదుపు దారికి రావాలట. అలా మారడానికి తోడ్పడే ప్రోటీను లేని ఎలుకల్లో మూలకణాల నిల్వ క్రమంగా తరిగిపోయింది. ఇవన్నీ ఎలుకల ముచ్చట్లేనని మరవకూడదు. మేము యలహంక మీదుగా బెంగుళూరు వెళ్ళే దారిలో, జీకేవీకే ఆవరణలోని ఇన్‌స్టెమ్ సంస్థలోనూ చర్మం, గాయాల మీద పరిశోధన జరిగింది. ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో, లోపల ఏం చేస్తారో మాత్రం ఈమధ్యే తెలిసింది.

ఇదంతా చదవడానికి అసలు కారణం మా వదిన. ఆమెకు పన్నెండేళ్ళుగా షుగరు. ఎవరో చెప్పారని మూడు వేలు పోసి ఒక క్రీము కొన్నది. డబ్బా మీద ‘ఆపిల్ మూలకణాలు, కణశక్తి’ అని బంగారు అక్షరాలు. ఆపిల్ కణం మన చర్మకణం కాలేదు. ఏటీపీ కూడా పైన రాస్తే కణంలోకి దూరే వస్తువు కాదు, ఏ కణానికి కావలసింది ఆ కణమే తయారుచేసుకోవాలి. ముఖానికి రాసుకున్నంతవరకు నాకూ అభ్యంతరం లేదు. ఒకరోజు చూద్దును కదా, అరికాలి పుండుకు రాస్తోంది!

“కణాలకు శక్తి ఇస్తుందట కదా, పుండుకు మాత్రం ఇవ్వదా?” అంది.

షుగరు వల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు. రక్తనాళాలు దెబ్బతింటే పుండు మానడానికి కావలసిన రక్తం, ఆక్సిజన్ అక్కడికి చాలినంత చేరవు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు శుభ్రం చేసి, మందులు మార్చి, పాదం మీద బరువు పడకుండా చెప్పు రాసిచ్చారు. మానడానికి తొమ్మిది వారాలు పట్టింది.

ఇప్పుడు రోజూ పడుకునే ముందు చేతి అద్దంలో అరికాళ్ళు చూసుకుంటోంది. క్రీము డబ్బా మాత్రం పారేయలేదు. మూడు వేలు పెట్టింది కదా, మోచేతులకు రాసుకుంటోంది.