గీరుకుపోయిన గిటారు, కాగిన పలక

బ్లాక్ మెటల్ అంటే ఏంటని ఆఫీసులో ఎవరైనా అడిగితే చెప్పడం భలే కష్టం. పోనీ వినిపిద్దామా అంటే, అర నిమిషం కాకముందే "స్పీకర్ పోయినట్టుంది చూడు" అంటారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. 1990ల మొదట్లో నార్వేలో రూపు కట్టిన ఈ సంగీతం కావాలనే అలా ఉంటుంది. గిటారు తీగెను ఆపకుండా గబగబా మీటుతూనే ఉంటారు, తేనెతుట్టె కదిలించినట్టు ఒకటే మోత. డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు. గొంతేమో అరుపు, అదీ పక్కూరి నుంచి వస్తున్నట్టు. బర్జమ్ పేరుతో పాడే వర్గ్ వికెర్నెస్ 'ఫిలోసోఫెమ్' కోసం ఉన్నవాటిల్లోకెల్లా నాసిరకం మైకు అడిగి మరీ తీసుకున్నాడు, చివరికి హెడ్‌సెట్ మైకులో పాడాడు. డార్క్‌త్రోన్ వాళ్ళు 1994లో వచ్చిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'ని నాలుగు ట్రాకుల రికార్డర్ మీద ఇంట్లోనే కానిచ్చేశారు.

డబ్బుల్లేక కొంత, పంతానికి కొంత. కానీ ముప్ఫై ఏళ్ళు దాటినా జనం ఇంకా ఎందుకు వింటున్నారంటే, నాకు తోచింది ఇది. శుభ్రంగా రికార్డు చేసిన పాటలో పాడేవాడొక్కడే ఉంటాడు. ఇలాంటి పాటలో వాడి చుట్టూ ఉన్న చోటు కూడా ఉంటుంది. ఆ రొదలో రాగం ఎక్కడుందో చెవి వెతుక్కోవాలి. వెతుక్కుని దొరికించుకున్న రాగం అంత తేలిగ్గా వదలదు.

దీనికి జానపదం తోడైతే ఇంకో మెట్టు. ఉల్వర్ వాళ్ళ 'బెర్గ్‌టాట్' 1995లో వచ్చింది. ఐదు అధ్యాయాల కథ, ఓ అమ్మాయిని కొండలోపలి భూతాలు లాక్కెళ్ళిపోవడం. కాసేపు భజన గొంతుల్లా మెల్లగా, కాసేపు పిడుగుల్లా. మరుసటేడు గిటారు, సెల్లోలతో అరుపుల్లేని ఆల్బం, 1997లో మళ్ళీ చెవులు చిల్లులు పడే 'నాటెన్స్ మాడ్రిగాల్'. కంపెనీ ఇచ్చిన డబ్బుతో కార్లూ సూట్లూ కొనుక్కుని దీన్ని అడవిలో రికార్డు చేశారని ఓ పుకారు. ఉత్తిదేనని వాళ్ళే చెప్పారు, అయినా జనం వదల్లేదు. వింటే మీరూ నమ్ముతారు :)

నాకైతే ఈ శబ్దం కొత్తగా అనిపించలేదు. మాది మంగంపేట. రాజంపేట నుంచి రైల్వే కోడూరు పోయేటప్పుడు తగిలే ముగ్గురాళ్ళ గనుల ఊరు. బెరైటీస్ అంటే పేపర్లో చదివుంటారు, ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. రాయిని పిండి చేసే మిల్లుల మోత ఒకే శ్రుతిలో సాగుతూ ఉంటుంది. జాతర రాత్రి ఆ మోత మీద పలకలు పడతాయి. పలకంటే డప్పే, మావైపు మాట. గడ్డిమంట సెగ చూపిస్తే తోలు బిగుసుకుని ఖంగుమంటుంది, మంచుకి మెత్తబడితే మళ్ళీ మంట దగ్గరికి. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. దూరం నుంచి వింటే దెబ్బలు విడివిడిగా తెలియవు, అన్నీ కలిసి ఒక మబ్బులా వస్తాయి. అదే పలకని ఇప్పుడు స్టూడియోలో కడిగి తుడిచి పెడుతున్నారు చూడండి, ఆర్వో నీళ్ళలా ఉంటుంది. దాహం తీరుతుంది, మా బోరు రుచి రాదు.

ఇంకో తమాషా. మా ముగ్గురాయి ఎక్కువగా పనికొచ్చేది చమురు బావుల తవ్వకంలో. నీటికి నాలుగున్నర రెట్ల బరువు కాబట్టి, డ్రిల్లింగ్ బురదలో కలిపితే లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా అదిమి పట్టుకుంటుంది. నార్వే దశ తిరిగింది 1969లో ఎకోఫిస్క్ చమురు దొరికాకే. అంటే చీకటీ చావూ అని అరిచిన ఆ కుర్రాళ్ళు కడుపు నిండిన దేశం పిల్లలు. వాళ్ళకి అడవీ పాత దేవుళ్ళూ ఏరి తెచ్చుకున్న బట్టలు. ఇష్టమైతే తొడుక్కుంటారు, లేకపోతే విప్పేస్తారు.

ఇక్కడే నాకు పేచీ. 'మన మూలాలు' అని మొదలెట్టినవాళ్ళు కొందరు ఎక్కడ తేలారో చరిత్రలో ఉంది. చర్చిలు తగలబెట్టారు. 1993లో వికెర్నెస్ తోటి సంగీతకారుణ్ణి చంపాడు, మరుసటేడు 21 ఏళ్ళ శిక్ష పడింది. నేను పైన మెచ్చుకున్న 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' అట్ట వెనక 'నార్వే ఆర్య బ్లాక్ మెటల్' అని వేసుకున్నారు, తర్వాతి ముద్రణల్లో తీసేశారు. సంగీతం గొప్పదని ఆ మాట మింగేయడం నా వల్ల కాదు.

సరిగ్గా అదే 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం నోట్లో దాని పేరు దండోరా. పలక మావైపు ఎవడో అడవిలో తిరుగుతూ కనిపెట్టిన వాయిద్యం కాదు. చావుకి కొట్టు, జాతరకి కొట్టు, చాటింపుకి కొట్టు అని ఊరు ఒక కులం మెడలో వేసిన పని. ఆ పలకనే వాళ్ళు తమ ఉద్యమానికి గుర్తు చేసుకున్నారు. కాబట్టి 'జానపద ప్రభావంతో తెలుగు బ్లాక్ మెటల్' అని ఎవరైనా అంటే, నేనడిగే మొదటి ప్రశ్న శ్రుతి గురించి కాదు. పలక ఎవరిది, వాళ్ళ పేరు అట్ట మీద ఉందా, డబ్బెంత ఇచ్చారు?

ఇదేదో గాల్లో మాట కాదు. హైదరాబాదులో గిటారు వాయించే ఫ్రెండొకడు, యూట్యూబ్‌లో దొరికిన జాతర వీడియోలోంచి పలకల ముక్క కోసి తన ట్రాక్ కింద పరుస్తానంటున్నాడు. వీడియోలో ఒక్క పేరూ లేదు. ఊరికెళ్ళి అడుగు, డబ్బులిచ్చి రికార్డు చేసుకో, పేర్లు రాయి అన్నాను. "మైకు పెడితే జాగ్రత్తగా కొడతార్రా, ఆ రా సౌండ్ రాదు" అంటాడు. రాకపోవచ్చు. జాగ్రత్తగా కొట్టాలని వాళ్ళకుంటే, అలాగే కొట్టనీ.