జట్టు ఊరు మారిపోతే మన అభిమానం ఎక్కడ పెట్టుకోవాలి?



స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టల్ భోజనం గురించి, డీఎస్సీ గురించి ఇక్కడ చాలా రాసుకున్నాం. ఈసారి ఆట గురించి రాస్తున్నా. టైంపాస్ ముచ్చటే కదా అని వదిలేయకండి. ఇది కూడా తిరిగి తిరిగి మన చదువు దగ్గరికీ, ఉద్యోగం దగ్గరికీ వస్తుంది.

నా ప్రశ్న ఒక్కటే. మనం ఒక జట్టుని 'మా జట్టు' అంటాం. గెలిస్తే స్టేటస్ పెడతాం, ఓడితే అన్నం సయించదు. మరి ఆ జట్టు మీద మనకి ఏ హక్కుంది? ఓనరుకి నష్టం వచ్చి జట్టుని ఇంకో ఊరికి పట్టుకుపోతే మనల్ని ఎవరైనా అడుగుతారా?

అడగరు. హైదరాబాద్‌లో జరిగింది అదే. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన తెలుగు నేల పేరుతో ఆడిన జట్టు అదొక్కటే. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు కొట్టింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే ఆడారు కాబట్టి, సొంత ఊరి జనం గచ్చిబౌలి స్టేడియంలో కూర్చుని చూడకుండానే ఆ జట్టు ఛాంపియన్ అయింది.

తర్వాత రెండేళ్లకే కథ తిరగబడింది. 2023-24లో ఆటగాళ్లకి జీతాలు అందలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుర్రాళ్లతో లాక్కొచ్చి ఆఖరి స్థానంలో నిలిచారు. 2024లో కొత్త ఓనర్లు వచ్చారు. 2025 అక్టోబర్‌లో జట్టు ఢిల్లీకి పోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు జెర్సీ వేసుకుని గొంతు పోయేలా అరిచిన వాళ్ల చేతిలో జెర్సీ ఒక్కటే మిగిలింది. ఓనరుకి జట్టు ఒక ఆస్తి. ఆస్తి అన్నాక అమ్ముతారు, ఎత్తుకుపోతారు. అందులో చట్టానికి తప్పు కనపడదు. తప్పల్లా దాన్ని మనదనుకుని మన దగ్గర ఉన్నదాన్ని పట్టించుకోకపోవడంలో ఉంది.

అదే హైదరాబాద్‌లో పాత కాలం వేరేలా నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే స్కూలు టీచరు సిటీ పోలీస్ జట్టుకి కోచ్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆయనే దేశానికీ కోచ్‌గా ఉండి 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన చనిపోయాక అంతటి రోజులు మళ్లీ రాలేదు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది.

ఆ పోలీస్ జట్టులో ఆడేవాళ్లు పేదింటి కుర్రాళ్లు. వేలంపాటలు లేవు, కోట్లు లేవు. కానీ బాగా ఆడితే పోలీసు ఉద్యోగం వచ్చేది. కాలు దెబ్బతిన్నా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. చూసే జనం కూడా ఆ వాడల వాళ్లే. ఆటగాడు, ఉద్యోగం, ఊరు ఈ మూడూ ఒక్కచోట ఉన్నాయి. ఆ ముడి విడిపోయాకే మన దగ్గర ఫుట్‌బాల్ పలచబడిపోయిందని నా అభిప్రాయం.

ఇప్పుడు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్ పెట్టుకుని, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఆ దేశంలో కాలేజీ జట్లకి ఉన్న అభిమానం మనం ఊహించలేం. మిచిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. తిరువూరు పట్నం జనమంతా కూర్చున్నా ఇంకా సగానికి పైగా ఖాళీగానే ఉంటుంది. అది ఒక కాలేజీ జట్టు కోసం కట్టింది! తాత చదివిన కాలేజీ, అమ్మ చదివిన కాలేజీ, ఆ ఊరి కాలేజీ అని జనం వస్తారు.

అక్కడా రోజులు మారాయి. ఇన్నాళ్లూ టీవీ డబ్బులు, టికెట్ డబ్బులు కాలేజీలకి పోయేవి, ఆడే పిల్లలకి మాత్రం స్కాలర్‌షిప్పుతో సరి. కోర్టుల దాకా పోయి కొట్లాడారు. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకునే కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూలై నుంచి కాలేజీలే తమ ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 170 కోట్ల పైమాటే. చెమట ఓడ్చేవాడికి వాటా రావాలి కాబట్టి ఇది న్యాయమే.

రెండో వైపు కూడా చూడాలి. ఎక్కువ డబ్బిచ్చే కాలేజీకి ఆటగాళ్లు ఏడాదికొకసారి మారిపోతున్నారు. టీవీ సొమ్ము కోసం కాలేజీలు కూడా పాత లీగులు వదిలేస్తున్నాయి. పసిఫిక్ తీరంలో వందేళ్ల పైబడిన లీగు ఒకటి 2024లో దాదాపు ఖాళీ అయిపోయింది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పోయి అట్లాంటిక్ తీరం పేరున్న లీగులో చేరాయి. పక్క ఊరితో పోటీ మానేసి దేశం అవతలి వాడితో ఆడుతున్నారు. ముసలి అభిమానులు తిట్టుకుంటున్నారు, కానీ స్టేడియానికి వెళ్లడం మానలేదు. ఎందుకంటే ఆటగాడు పోయినా, లీగు మారినా, కాలేజీ ఆ ఊళ్లోనే ఉంది. దాన్ని ఎవరూ ఢిల్లీకి పట్టుకుపోలేరు.

నాకు కావాల్సిన పాయింటు ఇదే. డబ్బు ప్రతి ఆటలోకీ వస్తుంది, ఆపలేం, ఆపాల్సిన పని కూడా లేదు. డబ్బు వచ్చినా పోయినా కదలకుండా ఉండేది ఏదో దాన్ని పట్టుకోవాలి.

మన ఆట కబడ్డీ. సంక్రాంతి వస్తే తండాల్లో, గూడేల్లో కూత వినపడకుండా ఉండదు. 2014లో ప్రో కబడ్డీ వచ్చినప్పుడు మట్టిలో ఆడే ఆట టీవీలో మ్యాట్ మీద కనపడేసరికి మనందరికీ గర్వంగా అనిపించింది. తెలుగు టైటాన్స్ మొదటి నుంచీ ఉన్న జట్టు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. ఆ సీజన్లో జట్టు ఆఖరి స్థానం. 2025కి అతను తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు, వేలం అంటేనే అది. అయితే ఆ పేరులో ఉన్న 'తెలుగు' ఎంత? లీగు మొత్తంలో హర్యానా వైపు కుర్రాళ్లే ఎక్కువ. అక్కడి ఊళ్లల్లో రోజూ ఆట ఉంటుంది, నేర్పేవాళ్లుంటారు, ఆడితే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉంటుంది. పాత హైదరాబాద్‌లో కనపడ్డ ముడే అక్కడా కనపడుతుంది. మనకేమో పండగ మూడు రోజులే ఆట, మిగతా ఏడాదంతా ఫోను.

ఫోను అన్నాను కాబట్టి ఇంకో మాట. మొన్నమొన్నటి దాకా మనవాళ్లలో చాలామందికి అభిమానం అంటే ఫోన్లో టీమ్ పెట్టి, 49 రూపాయలు కట్టి, కోటి వస్తుందని ఎదురుచూడటం. మెస్ డబ్బులు, కూలి డబ్బులు అందులో పోశారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు వేయించుకున్న కంపెనీ కూడా ఆ ఆటలు ఆపేయాల్సి వచ్చింది. చట్టం వచ్చిందని బెట్టింగు పూర్తిగా పోయిందని నేను అనను. కానీ ఆ డబ్బులో పదో వంతు మన కాలేజీ జట్టుకి పెట్టి ఉంటే ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ కాళ్లకి బూట్లు ఉండేవి.

"ఏంటన్నా, కాలేజీ ఆటలో ఏం చూస్తాం, ఆ లెవెల్ ఎక్కడ?" అని తమ్ముళ్లు అడుగుతారు. నిజమే, టీవీలో ఉన్న లెవెల్ ఉండదు. కానీ ఆ లెవెల్‌కి పోయే మెట్లు అక్కడే ఉన్నాయి. తిరువూరు నుంచి గంపలగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట దాకా మన పిల్లలు చదివే డిగ్రీ కాలేజీలు కృష్ణా యూనివర్సిటీ కిందికి వస్తాయి. కాలేజీ జట్టులో బాగా ఆడితే ఇంటర్ కాలేజియేట్ పోటీలు, అందులో సెలెక్ట్ అయితే యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత సౌత్ జోన్, ఆలిండియా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఒక్కో మెట్టుకీ ఒక సర్టిఫికెట్. ఆ కాయితం విలువ ఎంతో చాలామందికి తెలియదు. మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉంటే, 421 పోస్టులు క్రీడా కోటాకి ఇచ్చారు. చదువు అర్హత ఉండాలి, ఎంపిక మాత్రం సర్టిఫికెట్ల మెరిట్ మీదే. మన తండాల్లో ఎంతమంది దగ్గర ఆ కాయితం ఉంది? ఆట రాక లేకపోలేదు. ఆ మెట్టు ఎక్కించేవాళ్లు లేక లేదు.

మన వైపు చాలా కాలేజీల్లో పీడీ సారే ఉండడు. ఉన్నా ఆయనకి అడ్మిషన్ల డ్యూటీ వేస్తారు. పోటీలకి పోవాలంటే బస్సు ఛార్జీలు పిల్లలే పెట్టుకోవాలి. మా తండా తమ్ముడొకడు మంచి రైడర్. టోర్నమెంట్‌లో మోకాలు తిరిగింది. ఆ రోజు భుజాల మీద మోసిన వాళ్లలో తర్వాత ఆస్పత్రికి వచ్చింది ఇద్దరు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. అమెరికా పిల్లలు కోర్టుకి పోయి అడిగింది ఈ లెక్కే. ఆట మీద ప్రేమతో ఆడు అని ఊరికే అనకూడదు, ఆడేవాడి ఒంటికి పూచీ ఎవరో ముందే చెప్పాలి.

అమ్మాయిల సంగతి ఇంకా వేరు. 2022 అక్టోబర్‌లో అండర్-17 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. భారత జట్టు కెప్టెన్ అస్తమ్ ఒరావ్, ఝార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆమె పేరు బయటికొచ్చాక అధికారులు వాళ్ల ఊరికి రోడ్డు మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నే కూలికి పోయారు. ఆ టోర్నీలో మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, అమెరికా మీద 8-0. అయినా ఆ అమ్మాయిని అక్కడి దాకా పంపిన ఊరు ఒకటుంది. మన దగ్గర ఇంటర్ అవగానే పెళ్లి మాట తెస్తారు, నిక్కరు వేసుకుని ఆడితే నోళ్లు నొక్కుకుంటారు. 1928లో ఒలింపిక్ హాకీ జట్టుకి కెప్టెన్ అయిన జైపాల్ సింగ్ ముండానే తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడాడు. గ్రౌండ్‌లో నలుగురి ముందు నిలబడ్డవాళ్లకి మీటింగుల్లో నిలబడటం కూడా వస్తుంది. మన అమ్మాయిలకి ఆ అవకాశం ఎందుకు తీసేయాలి?

టైటాన్స్ మ్యాచ్ చూడొద్దని నేను చెప్పట్లేదు. నేనూ చూస్తా. కానీ వాళ్లకి మనం ఉన్నా లేకపోయినా ఒకటే. మన కాలేజీ జట్టుకి మనం పదిమంది వెళ్తే చాలా తేడా ఉంటుంది. అందుకని నాలుగు పనులు చెప్తున్నా.

ఒకటి, ఇంటర్ కాలేజియేట్ పోటీలు ఎప్పుడు, ఎక్కడో తేదీలు ముందే ఈ గ్రూపులో పెట్టాలి. మన పిల్లలు ఆడే ప్రతి మ్యాచ్‌కి కనీసం పదిమంది వెళ్లాలి, అమ్మాయిల మ్యాచ్‌కి అక్కలు తప్పకుండా వెళ్లాలి.

రెండు, ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు నెలకి 100 రూపాయలు వేస్తే ఛార్జీలకి, బూట్లకి, దెబ్బ తగిలితే వైద్యానికి ఒక నిధి అవుతుంది. ప్రతి రూపాయి లెక్కా ఇక్కడే రాయాలి.

మూడు, ఇప్పటికే ఆడినవాళ్ల సర్టిఫికెట్లు పోకుండా, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో సీనియర్లు కూర్చుని చూడాలి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే వెరిఫికేషన్‌లో పక్కన పెట్టేస్తారు.

నాలుగు, పీడీ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీల్లో ఆ పోస్టు నింపమని విద్యార్థులంతా సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కి, యూనివర్సిటీకి అర్జీ ఇవ్వాలి. అర్జీ రాసే పని నేను చూసుకుంటా.

ముందుగా మీ కాలేజీలో పీడీ ఉన్నారా లేదా, అమ్మాయిల జట్టు ఉందా లేదా, ఈ రెండు సంగతులు కాలేజీ పేరుతో నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆదివారం లోపు లిస్టు తయారు చేద్దాం.