కాశీబుగ్గలో క్యోటో

కొత్త ఇంటికి ప్లాను గీయించుకునేవాళ్లకు పలాసలోనూ టెక్కలిలోనూ ఈమధ్య ఒకటే సలహా: "మండువా ఏంటండీ పాతకాలంలా, జపనీస్ కోర్ట్‌యార్డ్ పెట్టిద్దాం." తీరా పెట్టించేది ఏమిటి? హాలు మధ్యలో ఓ గుంట, బస్తాల కొద్దీ తెల్ల గులకరాళ్లు, ప్లాస్టిక్ నాచు, కరెంటు పోతే ఆగిపోయే వెదురు ధార, మూలన బుద్ధుడి తల, పైన పాలికార్బనేట్ రేకు. బుద్ధుడే కావాలంటే ఇదే శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలున్నాయి. మొండెం లేని తలను స్విచ్‌బోర్డు కింద పెట్టుకోవడం ఏ దేశపు భక్తో మరి! రాతి సంగతి ఇంకా విడ్డూరం. టెక్కలి కొండల్లో తవ్విన నీలి గ్రానైట్ విదేశాలకు ఓడలెక్కుతుంటే, మనం రాయిలా కనిపించే ఫైబర్ దీపస్తంభాన్ని డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం.

జపాను వాళ్లు చేసింది ఇది కాదు. క్యోటో వర్తకుల ఇళ్లు వీధివైపు ఇరుకు, లోపలికి పొడుగు. నడిమి గదులకు గాలీ వెలుతురూ అందవు కనుక మధ్యలో కాస్త చోటు ఆకాశానికి వదిలారు; త్సుబోనివా అంటే అదే. మన మండువా చేసిన పనీ అదే. తోట వేసేవాడు ముందు ఆ స్థలం తీరు చూడాలని 11వ శతాబ్దంలోనే వాళ్ల తోటల గ్రంథం 'సకుతెయికి' చెప్పింది. ఆ బుద్ధి అక్కడే వదిలేసి సామాను మాత్రం దించుకున్నాం. రేకు కప్పాక వాన లోపలికి రాదు, వేడి బయటికి పోదు. పైగా ఇది 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడితోటల్నీ వేళ్లతో సహా పెకలించిన తీరం. ఇక్కడ రేకు ఎన్నాళ్లు నిలుస్తుంది? కిడ్నీ జబ్బుల భయంతో తాగునీళ్లు హిరమండలం నుంచి గొట్టాల్లో రప్పించుకుంటున్న ఊళ్లలో, బోరు నీళ్లు తోడి వెదురు గొట్టంలో ఆడించడం సరదా అనిపించుకోదు.

పరాయిదంటే అంత కోపమా అని అడగొచ్చు. కోపమేమీ లేదు. జీడిచెట్టు మాత్రం మనదా? పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిందే. కానీ అది ఈ ఇసుక నేలను, ఇక్కడి వానను నమ్ముకుని బతికింది, పలాసకు పేరు తెచ్చింది. మోటారు అడగలేదు. రేకు తీసేస్తే దోమలొస్తాయంటారా, ఆగిన ఫౌంటెన్‌లో పుట్టేవేమిటి? దొంగల భయానికి ఇనుప ఊచలు చాలు. మధ్యచోటు వానకు వదిలేసి, నేలకు సిమెంటు పుయ్యకుండా, ఓ నందివర్ధనం, ఓ కరివేపాకు మొక్క, కూర్చోడానికి టెక్కలి రాయి ఒకటి వేసుకుంటే సరిపోతుంది. తులసికోట కట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం.