ఆర్కిటిక్ మంచు, కృష్ణా డెల్టా సార్వా: విస్తరణ శాస్త్రవేత్త చెప్పదగినదెంత?

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది ప్రవాహం సుమారు 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు 5 నాటి సుమారు 11.10 లక్షల క్యూసెక్కులను మించిపోయింది. అదే సమయంలో బుడమేరు మళ్ళింపు కాల్వకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. ఇటువంటి విపత్తు సంభవించినపుడు ధ్రువప్రాంతపు మంచు కరగడమే ఇందుకు కారణమన్న మాట వినిపిస్తూ ఉంటుంది. ఆ మాటలో శాస్త్రీయమైన అంశం ఎంత, దానిని రైతుకు ఏ రూపంలో అందించాలి అన్నవి విస్తరణ రంగం తేల్చుకోవలసిన ప్రశ్నలు.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. సముద్రంపై తేలియాడే మంచు కరిగినందువల్ల సముద్రమట్టం చెప్పుకోదగినంతగా పెరగదు. గ్లాసులోని మంచుముక్క కరిగినపుడు నీటిమట్టం పెరగకపోవడం ఇందుకు తెలిసిన ఉదాహరణ. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా భూభాగాలపై నిలిచి ఉన్న మంచు కరగడం, వేడెక్కిన సముద్రజలం వ్యాకోచించడం సముద్రమట్టాన్ని పెంచుతాయి. కనుక దివిసీమలోని నాగాయలంక, కోడూరు ప్రాంతాల పొలాలకున్న ఉప్పునీటి బెడదను సముద్రపు మంచుకు ముడిపెట్టడం సరికాదు. సముద్రపు మంచు ప్రభావం వాతావరణం ద్వారా ప్రసరిస్తుంది. అది తనపై పడే సూర్యరశ్మిలో సగానికి పైగా వెనుకకు పంపుతుంది. మంచు తొలగిన సముద్రజలం సుమారు 6 శాతాన్ని మాత్రమే వెనుకకు పంపి, మిగిలిన వేడిని తనలో ఇముడ్చుకుంటుంది. ఆ వేడి పైనున్న గాలికి చేరినపుడు పీడన వ్యవస్థలు మారే అవకాశం ఏర్పడుతుంది.

ఉపగ్రహాలు 1979 నుండి ఈ మంచును ఎడతెగకుండా కొలుస్తున్నాయి. ఆర్కిటిక్‌లో సెప్టెంబరు నెల మంచు విస్తీర్ణం, 1981-2010 సగటుతో పోల్చితే, దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. భారతదేశం 2008లో స్వాల్‌బార్డ్ దీవులలో హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పడానికి గల శాస్త్రీయ ప్రయోజనాలలో ఆర్కిటిక్‌కు, మన ఋతుపవనాలకు గల సంబంధాన్ని తెలుసుకోవడం ఒకటి.

గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన అధ్యయనం ఈ దిశలో గమనింపదగినది. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గిన సంవత్సరాలకు, మధ్య భారతదేశంలో నైఋతి ఋతుపవనాల చివరి దశలో, ముఖ్యంగా సెప్టెంబరులో, కురిసే అతి భారీ వర్షాలకు మధ్య ఇటీవలి దశాబ్దాలలో సంబంధం ఉండవచ్చునని అది ప్రతిపాదించింది. మంచు తగ్గిన చోట గాలి వేడెక్కి, వాయవ్య ఐరోపాపై పీడన స్థితి మారి, పై వాతావరణంలో రాస్‌బీ తరంగాలు ఆసియా వైపు ప్రసరిస్తాయని, అదే సమయంలో వెచ్చబడిన అరేబియా సముద్రం తేమను సమకూరుస్తుందని అందులోని వివరణ. అధ్యయనం తన శీర్షికలోనే ఈ సంబంధాన్ని ‘సాధ్యమైనది’గా పేర్కొన్నదే తప్ప నిరూపితమైనదిగా చెప్పలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ మాటను జారవిడువరాదు.

ఆ అధ్యయనం పరిధి మధ్య భారతదేశం. కృష్ణా డెల్టా కాదు. 2024 వరదకు తక్షణ కారణం బంగాళాఖాతంలో ఏర్పడి కళింగపట్నం సమీపంలో తీరం దాటిన వాయుగుండం. ఆ వర్షాన్ని విజయవాడ నగరంలో విపత్తుగా మార్చినవి మళ్ళింపు కాల్వ గండ్లు, బుడమేరు ప్రవాహమార్గంలోని ఆక్రమణలు. వీటిని పక్కనపెట్టి ఆర్కిటిక్‌ను కారణంగా చూపితే శాస్త్రానికి న్యాయం జరగదు. సరిదిద్దగలిగిన లోపాలు కూడా దృష్టి నుండి తప్పిపోతాయి.

అట్లని ఈ పరిశోధన డెల్టాకు అక్కరలేనిదని తోసిపుచ్చడమూ తగదు. 2009 సంవత్సరం ఇందుకు సాక్ష్యం. ఆ ఏడాది ఎల్‌నినో ప్రభావంతో దేశంలో నైఋతి ఋతుపవన వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 78 శాతానికే పరిమితమైనది. ఋతువు మొత్తాన్ని లెక్కిస్తే అది కరువు సంవత్సరం. అయినప్పటికీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కర్నూలు, మహబూబ్‌నగర్ పరిసరాలలోను, తుంగభద్ర పరీవాహక ప్రాంతంలోను కురిసిన వర్షాలతో కృష్ణకు ప్రళయం వంటి వరద వచ్చింది. ఆ వరదకు ఆర్కిటిక్ మంచు కారణమని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఋతువు మొత్తానికి ఇచ్చే సగటు అంచనా, ఋతువు చివరి దినాలలో ఏమి జరుగనున్నదో తెలుపదని ఆ సంవత్సరం స్పష్టం చేసింది. కారా సముద్రపు మంచుపై పరిశోధన అడుగుతున్న ప్రశ్న ఆ చివరి దినాల గురించే. డెల్టా వరి రైతుకు నష్టం వాటిల్లేదీ అప్పుడే.

దూరప్రాంతపు సూచికలపై ఆశలు పెట్టుకోవడం మన వాతావరణ శాస్త్రానికి కొత్త కాదు. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ 1884లో హిమాలయాలపై మంచుకు, ఋతుపవన వర్షాలకు గల విలోమ సంబంధాన్ని వివరించాడు. దాని ఆధారంగా 1886 నుండి ముందస్తు అంచనాలు వెలువడినా 1899 నాటి తీవ్రమైన కరువును అవి పసిగట్టలేకపోయాయి. మంచు విస్తీర్ణంతో సహా 16 సూచికలతో 1988లో ప్రవేశపెట్టిన నమూనా, 2002 కరువును ముందుగా చెప్పలేక పక్కకు తప్పుకున్నది. ఒక దశాబ్దంలో బలంగా కనిపించిన సంబంధం మరొక దశాబ్దంలో సన్నగిల్లవచ్చుననేది ఈ చరిత్ర నేర్పిన పాఠం. ఉపగ్రహ కొలతల వయస్సు ఇంకా అర్ధశతాబ్దం కూడా నిండలేదు.

విద్యార్థులు గ్రహించవలసిన మరొక అంశమున్నది. మంచు విస్తీర్ణం ఏటేటా తగ్గుతున్నది. మధ్య భారతంలో అతి భారీ వర్షాలు పెరుగుతున్నవి. ఈ విధంగా దీర్ఘకాలిక ధోరణి కలిగిన ఏ రెండు శ్రేణులను జతచేసినా సహసంబంధం కనిపిస్తుంది. ఆ ధోరణులను తొలగించి, ఏటికేడు వచ్చే హెచ్చుతగ్గుల మధ్య కూడా సంబంధం నిలుస్తుందా అని పరీక్షించినపుడే దానికి విలువ. ఎల్‌నినో, హిందూ మహాసముద్ర ద్విధ్రువం ప్రభావాలను కూడా వేరుచేసి చూడాలి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల వర్షమాపక కేంద్రాలలో 1979 నుండి సెప్టెంబరు ద్వితీయార్ధం, అక్టోబరు ప్రథమార్ధాలలో నమోదైన వర్షపాతాన్ని ఈ పద్ధతిలో పరిశీలించడం స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసానికి తగిన అంశం. ఫలితం ప్రతికూలంగా వచ్చినా అది ప్రచురింపదగినదే; ఏ సూచిక మీద ఆధారపడరాదో తెలియడం కూడా విస్తరణకు ఉపకరించే జ్ఞానమే.

ఈలోగా రైతుకు చెప్పవలసినదేమిటి? డెల్టాలో విస్తారంగా సాగయ్యే స్వర్ణ, బి.పి.టి. 5204 వంటి దీర్ఘకాలిక రకాలు, నారుమడి పోసిన కాలాన్ని బట్టి, సెప్టెంబరు చివర నుండి అక్టోబరు వరకు పిలకలు వేసే దశ నుండి చిరుపొట్ట, ఈనిక దశల వరకు ఉంటాయి. ఆ సమయంలో భారీ వర్షం పడితే చిరుపొట్ట దశలో వేసిన నత్రజని కొట్టుకుపోతుంది; బాక్టీరియా ఆకు ఎండు తెగులు వ్యాపిస్తుంది; పూత దశలో పరాగ సంపర్కం దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. కాల్వ నీరు ఆలస్యమై నాట్లు ఆగస్టులోకి జరిగితే కోత డిసెంబరు తుపానుల కాలంలో పడుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని నేలకొరిగించింది. కోత ఆలస్యమైనా, పొలంలో నీరు నిలిచినా వరి మాగాణులలో చల్లే మినుము కూడా నష్టపోతుంది.

ఈ నష్టాలను తగ్గించే చర్యలకు ఆర్కిటిక్ రుజువు కోసం వేచి ఉండనక్కరలేదు. ఆగస్టు ముగియకముందే మురుగు కాల్వలలోని గుర్రపుడెక్కను, పూడికను తొలగించడం, పల్లపు భూములకు ఇంద్ర, అమర వంటి ముంపును కొంతవరకు తట్టుకొనే రకాలను సూచించడం, నీటి విడుదలకు అనుగుణంగా నారుమళ్ళను ముందుకు జరపడం మంచు పెరిగినా తరిగినా మేలు చేసేవే. భారత వాతావరణ విభాగం ప్రతి గురువారం రానున్న నాలుగు వారాలకు అంచనాలను విడుదల చేస్తున్నది. సెప్టెంబరులో వాటిని పరిశీలించి, మంగళ, శుక్రవారాల వ్యవసాయ వాతావరణ సలహాలలో నత్రజని వేసే తేదీని, మురుగు నీటి పారుదలను నిర్దిష్టంగా పేర్కొనడం విస్తరణ సిబ్బంది వెంటనే చేయగలిగిన పని.

కారా సముద్రపు మంచు స్థితికి ప్రస్తుతానికి పరిశోధకుని పట్టికలోనే స్థానం. రైతుకిచ్చే సలహాలో కాదు. డెల్టా వర్షపాత లెక్కలతో అది పరీక్షకు నిలిచిన నాడు, సంభావ్యత రూపంలో, దాని హద్దులతో సహా సలహాలోకి తీసుకోవచ్చు. కరిగిన మంచే వరదకు కారణమని నేడు చెప్పిన అంచనా రేపు తప్పితే, రైతు విశ్వాసం కోల్పోయేది ఆర్కిటిక్ శాస్త్రంపై కాదు, తన మండలంలోని సలహాదారునిపై. ఆ విశ్వాసాన్ని తిరిగి సంపాదించడానికి ఒక్క సార్వా కాలం చాలదు.