డ్యూటీ దిగిన కుక్కని మర్చిపోవద్దు



విశాఖ స్టీల్ ప్లాంటుకి, పోర్టుకి కాపలా సీఐఎస్ఎఫ్‌ది. ఆ బలగంలో బాంబుల వాసన పట్టే కుక్కలూ ఉంటాయి. మన ఏజెన్సీలోనూ పోలీసు కుక్కలు కల్వర్టుల కింద మందుపాతరలు వెతికాయి. అదే దారిలో మనం సంతకి నడిచాం.

మరి వయసైపోయాక ఆ కుక్క ఎక్కడికెళ్తుంది? సైన్యంలో అయితే పనికిరాని కుక్కకి మందిచ్చి చంపేసేవారు. 2015లో ఆర్టీఐ జవాబుతో ఇది బయటపడి, విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాకే మార్పు మొదలైంది. 2019లో ఢిల్లీ మెట్రోలో పనిచేసిన 7 కుక్కలకి సీఐఎస్ఎఫ్ సన్మానం చేసి, ఒక స్వచ్ఛంద సంస్థకి అప్పజెప్పింది. మంచిదే.

కానీ సన్మానం ఒక్కరోజే. ఏళ్ల తరబడి హ్యాండ్లర్ గొంతు విని బతికిన కుక్కకి మొదట ఆయన ఇంట్లోనే చోటు చూడాలి. బదిలీలుంటాయి, క్వార్టర్ ఇరుకు అంటారు. నిజమే. అందుకే తిండి, మందుల ఖర్చు డిపార్ట్‌మెంటే భరించాలి. అది దయ కాదు, పెన్షన్.

మన ఊళ్లో పోడు కాసిన కుక్క ముసలిదైతే తరిమేస్తామా? అరుగు మీదే పడుకుంటుంది, మన అంబలే తాగుతుంది.

మనలో కానిస్టేబుల్, సీఐఎస్ఎఫ్ ఉద్యోగాలకి చదువుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. రేపు మీ చేతికి ఆ గొలుసు వస్తే, ఈ మాట పై ఆఫీసర్‌తో అనాల్సింది మీరే.