మాట ఎచ్చట ఆగినది?

కువైటులోని కూతురితోనో, డల్లాసులోని కుమారునితోనో, హైదరాబాదులోని మనుమనితోనో మాటలాడుచుండగా గొంతు ముక్కలు ముక్కలై, పిమ్మట బొత్తిగా వినరాకపోవుట గోదావరి డెల్టాలో నేడు ప్రతి గృహమునకును అనుభవమే. అప్పుడు మనవారు చెప్పు మాట యొక్కటే: "సిగ్నలు లేదు." అంతటితో విచారణ ముగియును. ఇట్లు పలుకు రైతే తన చేనికి నీరందనప్పుడు "నీరు రాలేదు" అని యింట కూర్చుండునా? బోదె వెంట నడచును. బోదెలో నీరున్నచో మడవ చూచును. లేకున్న పిల్లకాలువ తూము వఱకు పోవును. అచ్చటను లేకున్న లాకు వద్ద లస్కరును నిలదీయును. అడ్డు ఎచ్చట నున్నదో తెలిసికొనిన పిమ్మటగాని యింటికి మఱలడు. నీటి విషయమున మనకు తరతరములుగా గల ఈ వివేకమును మాట విషయమునందును అలవఱచుకొనవలసిన కాలము వచ్చినదని మా అభిప్రాయము.

అంతర్జాలము ద్వారా మాటలాడుట కొందఱి వేడుక యని తలంచు దినములు గతించినవి. మన దేశమున దీనికి 2002 ఏప్రిలు 1 నుండి అనుమతి లభించినది. కాని నాడు కంప్యూటరునుండి కంప్యూటరునకును, విదేశములలోని టెలిఫోనులకును మాత్రమే మాటలాడవచ్చును. దేశములోని సామాన్య టెలిఫోనునకు దానిని కలుపుట నిషిద్ధము. ఆ అడ్డు 2018లో తొలగినది. ఈలోపున 2016 సెప్టెంబరులో జియో కంపెనీ సేవలు ప్రారంభించి, మాటను సైతము పాత టెలిఫోను మార్గమున గాక అంతర్జాలపు రీతినే పంపు పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసినది. ఈ విషయమున మన డెల్టా వెనుకబడినది కాదు. కోనసీమలోని మోరి గ్రామమునకు 2016 డిసెంబరులోనే రాష్ట్రప్రభుత్వపు ఫైబరు తీగ చేరినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆ పథకమును లాంఛనముగా ఆరంభించిరి. టెలివిజను, అంతర్జాలము, టెలిఫోను, ఈ మూడింటిని ఒక్క తీగపై ఇండ్లకు చేర్చుట దాని ఆశయము. తీగ వచ్చినది, దాని నడక నెఱుగు జ్ఞానము మాత్రము ఇంకను రావలసియున్నది.

పూర్వపు టెలిఫోనులో ఇద్దఱు మాటలాడునంత సేపును వారి నడుమ ఒక మార్గము వారికే ప్రత్యేకింపబడి యుండెడిది. అంతర్జాలమున నట్లు కాదు. పలికిన మాటను యంత్రము సామాన్యముగా సెకనులో 50వ వంతు చొప్పున తునియలు చేసి, ప్రతి తునియపైనను చేరవలసిన చిరునామా వ్రాసి విడిచిపెట్టును. దీనికే ప్యాకెట్టు అని పేరు. వీనికి దారి చూపు యంత్రమే రౌటరు. ఏ రౌటరునకును ఆసాంతపు దారి తెలియదు. ఈ చిరునామాకు పోవలసిన దానిని ఏ వైపునకు తోయవలెనో, అంత మట్టుకే దాని కెఱుక. ధవళేశ్వరము వద్ద విడిచిన నీరు తుదకు ఎవరి మడిలో పాఱునో అచ్చటి లస్కరునకు తెలియనక్కఱ లేదు గదా.

అయితే మాటకు ఒక చిక్కు గలదు. వ్రాతయైనచో దారిలో పోయిన ప్యాకెట్టును మఱల తెప్పించుకొనవచ్చును. సంభాషణలో ఆలస్యముగా వచ్చిన తునియ వచ్చియు నిరుపయోగమే. పలుకు ఒకవైపు చేరుటకు సెకనులో 150 సహస్రాంశములకు మించని కాలము పట్టవలెనని అంతర్జాతీయ టెలికం సంఘము సూచించినది. ఫైబరులో కాంతి సెకనునకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోవును. 15,000 కిలోమీటర్ల దూరమునకు 75 సహస్రాంశములు చాలును. కనుక "అమెరికా దూరము గదా, అందుచే వినబడదు" అనుట సరికాదు. దూరముకంటె దారిలో రౌటర్ల వద్ద వరుసలు గట్టి నిలుచుటయే తఱచుగా చేటు కలిగించుచున్నది.

ఇక దారి యెట్లు నిర్ణయమగునో చూతము. సఖినేటిపల్లినుండి నరసాపురమునకు వశిష్ఠను పంటుమీద దాటినచో దగ్గఱ. వరద వచ్చి పంటు నిలిచిన నాడు చించినాడ వంతెన మీదుగా చుట్టిపోవలెను. రౌటర్లును ఇట్లే ఒక దారి తెగినప్పుడు మఱియొక దారి వెదకును. కాని కంపెనీకిని కంపెనీకిని నడుమ దారి నిర్ణయించునది దూర మొక్కటియే కాదు; వారి ఒడంబడికలును నిర్ణయించును. రాజమహేంద్రవరములో ఎదురెదురు ఇండ్లవారు వేర్వేఱు కంపెనీల చందాదారులైనచో, ఒకరి పలుకు ఆ కంపెనీలు కలిసికొను హైదరాబాదునకో చెన్నపట్టణమునకో పోయి మఱల రావలసి యుండవచ్చును. ఒకప్పుడు మన దేశములోని రెండు నగరముల నడుమ పోవలసిన ప్యాకెట్లు సైతము విదేశములకు పోయి తిరిగి వచ్చుచుండెను. ఆ దుస్థితిని మాన్పుటకే 2003లో నిక్సీ అను జాతీయ సంస్థ ఏర్పడినది. స్వదేశపు మాట స్వదేశములోనే నడచుట వ్యయమునకును వేగమునకును మేలని నాడే గుర్తింపబడినది.

ఈ యేర్పాటంతయు ఒకరి మాట నొకరు నమ్ముటపై నిలిచియున్నది. ఫలానా చిరునామాలకు దారి మా వద్ద గలదని ఒక సంస్థ చాటినచో ఇతరులు నమ్మి అటు పంపుదురు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాను టెలికం సంస్థ తన దేశములో యూట్యూబును అడ్డగింపబోయి, దాని చిరునామాలకు దారి తనవద్దనే యున్నదని ప్రపంచమునకంతకును చాటినట్లయి, దాదాపు రెండు గంటలు లోకమంతట యూట్యూబు నిలిచిపోయినది. 2021 అక్టోబరు 4న ఫేసుబుక్ కంపెనీ తన మార్గములను తానే పొరపాటున లోకమునుండి ఉపసంహరించుకొనగా, వాట్సాప్ సహితము ఇంచుమించు ఆఱు గంటలు మూగవోయినది. ఆ రాత్రి తమ యింటి పెట్టెను ఎందఱెన్ని మాఱులు ఆర్పి వెలిగించినను ప్రయోజన ముండదు. దోషము ఇంటిలో లేదు, ఊరిలో లేదు, దేశములోనే లేదు.

ఇందువలననే దోషస్థానమును గుర్తించు క్రమము తెలియవలెను. అది ఇంటినుండి ఆరంభము కావలెను. వెనుక గదిలో తెగు మాట పెట్టె చెంత నిలిచినప్పుడు చక్కగా వినబడినచో దోషము గోడలది, కంపెనీది కాదు. ఒకరు మాటలాడుచుండగా మఱియొకరు పెద్ద చిత్రములను పంపుచున్నచో, బయటికి పోవు దారి నిండి మాట వెనుకబడును. ఇది ఇంటివారు సర్దుకొనవలసినది. ఫైబరు పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అను గుఱుతు వద్ద ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుగు లోనికి రాలేదన్నమాట. తీగ తెగినదేమో చూడుమని కంపెనీవారిని నిలదీయవచ్చును. ఇవేవియు కాకున్న ట్రేస్‌రూట్ అను సాధనము గలదు. ప్రతి ప్యాకెట్టునకును ఒక ఆయుస్సంఖ్య యుండును. ప్రతి రౌటరును అందులో ఒకటి తగ్గించును. సున్న కాగానే ప్యాకెట్టును పాఱవేసి, పంపినవారికి తన చిరునామాతో కబురు చేయును. మొదట ఒకటి, పిదప రెండు, పిదప మూడు చొప్పున ఆయువిచ్చి పంపినచో దారిలోని మజిలీలన్నియు వరుసగా బయటపడును. ఇందు ఒక జాగ్రత్త వలయును. నడుమ నొక మజిలీ బదులీయకున్నంత మాత్రమున అదియే దోషి కాదు. ఇట్టి ప్రశ్నలకు బదులీయని రౌటర్లు పెక్కులు. ఎచ్చట మొదలైన ఆలస్యము తుదివఱకు విడువక సాగునో అచ్చట అనుమానింపవలెను. పోవు దారియు వచ్చు దారియు ఒకటే కానక్కఱ లేదు గావున, అవతలివారును అట్లే పరీక్షించుట యుక్తము.

గంట మ్రోగును గాని మాట రాదు. లేదా ఒకరికి వినబడి రెండవవారికి వినబడదు. ఇదియు తఱచుగా వినవచ్చు ఫిర్యాదే. పిలుపు తెలుపు కబురును, పలుకును మోయు ప్యాకెట్లును వేర్వేఱుగా నడచుటయే దీనికి మూలము. పాత పద్ధతి చిరునామాలు లోకమున 430 కోట్లకు లోపుగా మాత్రమే యుండుటచే, పెక్కు ఇండ్లు ఒకే చిరునామా చాటున నుండవలసి వచ్చుచున్నది. బయటినుండి వచ్చు పలుకు ఏ గుమ్మమునకు పోవలెనో తెలియక పడిపోవుచుండును. ఇట్టిచోట స్తంభమెక్కిన పనివానిని దూషించుట అన్యాయము. పెట్టెలోని యేర్పాటునో కంపెనీవారి యేర్పాటునో సవరింపవలెను. ఇక దుబాయి మొదలగు ఎమిరేట్లలో వాట్సాపు ద్వారా మాటలాడుటను అచ్చటి ప్రభుత్వము చాలకాలముగా అడ్డగించుచు వచ్చినది. అది శాసనము, మరమ్మతుచే తీఱునది కాదు.

గృహస్థుల ధర్మ మిట్లుండగా, కంపెనీలకును ప్రభుత్వమునకును ధర్మము లేదా? 2024 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన ట్రాయి నిబంధనల ప్రకారము, ఒక జిల్లాలో సేవలు 4 గంటలకు మించి నిలిచిపోయినచో కంపెనీ ఆ సంగతి ట్రాయికి తెలుపవలెను. 24 గంటలు దాటినచో చందాదారులకు ఆ మేరకు పరిహారము చూపవలెను. ఈ నిబంధన స్వాగతింపదగినదే. కాని కొలమానము జిల్లా యగుటచే, ఒక లంక గ్రామము మూడు దినములు మూగవోయినను ఈ లెక్కలోనికి రాదు. కాలువ తలలో నీరున్నదని చెప్పి శివారు రైతు గోడు వినని అధికారిని మనము సహింతుమా? కనీసము మండలము కొలమానముగా, ఏ తీగ ఎచ్చట తెగినది, ఎప్పుడు కూడునది ప్రజలకు ప్రకటింపవలెను. వేసవిలో కాలువలు మూయు తేదీని ముందుగా చాటు ఆచారము ఈ సీమలో గలదు. కంపెనీలు తమ మరమ్మతుల వేళలను చాటుటకు అభ్యంతరమేమి?

విద్యుత్ స్తంభములపై సాగిన ఫైబరు తీగ తుపానులో స్తంభముతోపాటు నేలగూలును. 1996 నవంబరు 6 నాటి తుపానును కోనసీమ మఱువలేదు; 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురపు చేరువనే తీరము దాటినది. కావున ప్రతి మండల కేంద్రమునకు రెండు వైపులనుండి దారి యుండుట విలాసము కాదు, ప్రాణావసరము. తుపానులు తెంపు దారులొక విధము. ప్రభుత్వము మూయు దారులు మఱియొక విధము. 2022 మే 24 నాటి అమలాపురపు అల్లర్ల పిమ్మట కోనసీమలో అంతర్జాలము పలు దినములు నిలిపివేయబడినది. శాంతిరక్షణ ప్రభుత్వపు విధియే. అయినను అట్టి ఉత్తర్వులను ప్రకటింపవలెననియు, అవి అవసరమునకు మించరాదనియు 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనూరాధా భాసిన్ కేసులో తీర్మానించియున్నది. మూసినవారు మూసితిమని కారణముతో, కాలపరిమితితో చెప్పుట న్యాయము.

"సిగ్నలు లేదు" అను ఫిర్యాదును త్రోసిపుచ్చుట కంపెనీకి సులభము. "ఇంటిలో దోషము లేదు, మూడవ మజిలీనుండి తుదివఱకు ప్రతి సాయంకాలము ఆలస్యమగుచున్నది, ఇవిగో తేదీలు, వేళలు" అని వ్రాసిన ఫిర్యాదునకు బదులీయక తప్పదు. ఊరూర చదువుకొన్న యువకులు ఇట్టి పట్టిక నొకటి ఉంచి, గ్రామసభలయందు చదివి, తీర్మానములు పంపవలెను. శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును మండలమునే కొలమానముగా చేయించుటకు ట్రాయిపై ఒత్తిడి తేవలెను. నీటి తీరువా చెల్లించు రైతు తన వంతు నీటిని అడిగి తెచ్చుకొనుచున్నాడు. నెలనెల చందా చెల్లించుచున్న మనము మన మాట ఎచ్చట ఆగినదో అడుగుటకు ఇక జంకవలసిన పనిలేదు.